40 లక్షల సీసీ రోడ్డు టెండరు: షెడ్యూలు నుంచి ఎఫ్‌ఎస్‌డీ దాకా నా అనుభవం

ఆంధ్రప్రదేశ్‌లో ఒక మున్సిపాలిటీ పిలిచిన పని ఇది. 600 మీటర్ల సీసీ రోడ్డు, పక్కన కాలువ. ఈసీవీ, అంటే అంచనా కాంట్రాక్టు విలువ, 40,00,000. గడువు ఆరు నెలలు. పర్సంటేజీ టెండరు కాబట్టి ఐటం ఐటంకీ రేటు వేయక్కర్లేదు. ఈసీవీ మీద ఎంత శాతం లెస్సో (తక్కువో), ఎంత ఎక్సెస్సో (ఎక్కువో) ఒక్క అంకె వేస్తే చాలు. ఆ ఒక్క అంకె కోసం పది రోజులు కూర్చోవాల్సి వచ్చింది.

డిజిటల్ సంతకం సంగతి ముందు చూసుకోవాలి. క్లాస్-3 సర్టిఫికెట్ కావాలి, అందులో సంతకానికీ, ఎన్‌క్రిప్షన్‌కీ రెండూ ఉండాలి. ఒక్క సంతకానిదే తీసుకుంటే లాగిన్ అయిపోతుంది, రేటు బిడ్ దగ్గరికి వచ్చాక ఆగిపోతుంది. సర్టిఫికెట్ గడువు తీరి కొత్త టోకెన్ తీసుకున్నవాళ్లు ఈ-ప్రొక్యూర్‌మెంట్ సైటులో దాన్ని మళ్లీ నమోదు చేసుకోవాలి. ఆఖరి రోజు ఈ పని పెట్టుకున్నవాడు బిడ్ వేయలేడు. సైటులో కనిపించే గడియారమే లెక్క, మన చేతి వాచీ కాదు.

ఈఎండీ, అంటే బిడ్ వేసేటప్పుడు కట్టే ధరావతు, ఒక శాతం, 40,000. ఆన్‌లైన్‌లో కట్టినా బ్యాంకు నుంచి ఖరారు రావడానికి ఒక్కోసారి గంటలు పడుతుంది, అందుకే రెండు రోజుల ముందే కట్టేశాను. దీనికి తోడు ప్లాట్‌ఫాం ఫీజు 0.03 శాతం, అంటే 1,200. జీఎస్టీ కలిపి 1,416.

ఎక్కువమంది టెక్నికల్‌లో పోయేది బిడ్ కెపాసిటీ దగ్గర, అంటే ఇంకా ఎంత విలువ పని మోయగలమో చూపే లెక్క దగ్గర. సూత్రం 2×ఏ×ఎన్−బీ. ఏ అంటే గడిచిన ఐదేళ్లలో ఏదో ఒక ఏడాది చేసిన పనుల గరిష్ఠ విలువ. ఎన్ అంటే ఈ పని గడువు, కానీ ఏళ్లలో. బీ అంటే చేతిలో ఉన్న పనుల్లో ఆ గడువు లోపల చేయాల్సిన మిగులు. నా ఏ 60 లక్షలు. ఆరు నెలలంటే ఎన్ 0.5. రెండు అరవైలు 120, అందులో సగం 60 లక్షలు. చేతిలో 35 లక్షల అగ్రిమెంటు ఒకటి ఉంది, అందులో 15 లక్షల పని అప్పటికే కొలతల పుస్తకమైన ఎంబుక్‌లో ఎక్కింది. మిగిలింది 20. అరవైలోంచి ఇరవై తీస్తే సరిగ్గా ఈసీవీ అంత, 40 లక్షలు, అంచున నిలబడ్డాను. 35 అని మొత్తం అగ్రిమెంటు విలువ వేసేసి ఉంటే 25 లక్షలే మిగిలేది, బయటికి పంపేవాళ్లు. ఇదే పనికి గడువు మూడు నెలలు పెట్టి ఉంటే ఎన్ 0.25 అయ్యేది, కెపాసిటీ 10 లక్షలకు పడిపోయేది. చిన్న గడువు పని సులువనుకుంటారు గానీ కాగితం మీద అదే కష్టం. చేతిలో పనులు దాచి బీ తగ్గించడం మాత్రం వద్దు. మరో ఆఫీసు అగ్రిమెంటు బయటపడితే ఈఎండీ పోతుంది, పేరు బ్లాక్‌లిస్టులోకి ఎక్కుతుంది.

ఇక శాతం. ముందు పని జరిగే చోటు చూశాను, తర్వాత షెడ్యూలు (పని పరిమాణాల పట్టిక) పట్టుకుని క్వాంటిటీలు మళ్లీ కట్టాను. 600 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం: 360 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఎం-20 రకం కాంక్రీటుకి 1:1.5:3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) ఘనపు మీటరుకు దాదాపు 8 బస్తాల సిమెంటు, అంటే రోడ్డుకే 2,880 బస్తాలు. బస్తా మీద 20 రూపాయలు పెరిగితే 57,600 పోతుంది. ఈసీవీ మీద అది ఒకటిన్నర శాతానికి కాస్త తక్కువ. పక్కవాడు ఒక శాతం ఎక్కువ లెస్ వేస్తున్నాడని విని మనమూ దిగేటప్పుడు ఈ అంకె గుర్తుండాలి. అంచనాలో కంకరకు వేసిన లీడ్, అంటే క్వారీ నుంచి తెచ్చే దూరం, ఎన్ని కిలోమీటర్లో చూశాను. అంచనాలో ఉన్న క్వారీ మూతపడి, మరో క్వారీ దూరమైతే ఆ తేడా మన జేబులోంచే.

ఎక్సెస్ ఐదు శాతం దాటితే ఒప్పుకోరు. కిందికి మాత్రం తలుపు తెరిచే ఉంటుంది, ప్రమాదం అక్కడే. 2003 నాటి జీవో 94 నుంచీ వస్తున్న లెక్క ప్రకారం, లెస్ 25 శాతం దాటితే ఈసీవీలో 75 శాతానికీ, మనం వేసిన మొత్తానికీ మధ్య తేడాను అదనపు సెక్యూరిటీగా కట్టాలి. ఈ పనికి ఎవరైనా 28 శాతం లెస్ వేశారనుకోండి: 28,80,000 వస్తుంది. 75 శాతం అంటే 30 లక్షలు. తేడా 1,20,000. డీడీయో, బ్యాంకు గ్యారంటీయో అగ్రిమెంటుకు ముందే పెట్టాలి. నేను 11.5 శాతం లెస్ వేశాను, 35,40,000. అంకె కొట్టాక 'లెస్' అన్న ఎంపిక పడిందో లేదో రెండుసార్లు చూడండి. 'ఎక్సెస్' పడితే పక్కన ఎంత మంచి అంకె ఉన్నా ఐదు శాతం గీత దగ్గరే తెగిపోతుంది. కింద అక్షరాల్లో వచ్చే మొత్తం చదివితే తెలిసిపోతుంది, చాలామంది చదవరు.

అందరికంటే తక్కువ రేటుతో ఎల్-1గా వచ్చాక అసలు కాగితాలు అడిగారు. అప్‌లోడ్ చేసిన అనుభవ ధ్రువపత్రం, చేతిలో ఇచ్చింది ఒకటే అయి ఉండాలి. పని పేరు, అగ్రిమెంటు నంబరు, పూర్తయిన తేదీ లేని సర్టిఫికెట్‌ను పక్కన పెట్టేస్తారు. కౌన్సిల్ ఆమోదం అయ్యాక లెటర్ ఆఫ్ యాక్సెప్టెన్స్ వచ్చింది. ఈఎండీలో మిగతా ఒకటిన్నర శాతం, 60,000 కట్టి స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకున్నాం. వర్క్ ఆర్డర్ తేదీ నుంచి గడువు నడుస్తుంది. రోడ్డు మధ్యలో ఉన్న నీళ్ల పైపు జరపాల్సింది మున్సిపాలిటీయే అయితే ఆ ఆలస్యాన్ని అదే వారంలో ఉత్తరం రాసి రిసీట్ తీసుకోవాలి. చివర్లో రాసే పొడిగింపు దరఖాస్తుకు అదే ఆధారం.

పనిలో క్యూబులను, అంటే కాంక్రీటు బలం పరీక్షకు పోసే దిమ్మలను, తేలిగ్గా తీసుకోకూడదు. రోజుకు 31 నుంచి 50 ఘనపు మీటర్ల మధ్య పోస్తే నాలుగు శాంపిళ్లు, ఒక్కోదానికి మూడు, వెరసి పన్నెండు క్యూబులు. 28 రోజుల రిపోర్టు లేకపోతే బిల్లు కదలదు. ఇంజినీరు ఏఈ కొలతలు ఎంబుక్‌లో ఎక్కించేటప్పుడు పక్కనే ఉండండి. పై ఇంజినీరు డీఈ చెక్ మెజర్‌మెంట్ అయ్యాక మందం తక్కువ రాశారంటే వాదించడం కష్టం.

మొదటి పార్ట్ బిల్లు 10 లక్షలు. అందులోంచి ఎఫ్‌ఎస్‌డీ, అంటే పని నిలబడుతుందన్న హామీగా ఆపి తర్వాత తిరిగిచ్చే డిపాజిట్టు, 7.5 శాతం, 75,000 ఆపారు. వ్యక్తి పేరు మీద లైసెన్సు కాబట్టి ఆదాయపు పన్ను ఒక శాతం, 10,000. లేబర్ సెస్ ఒక శాతం, ఇంకో 10,000. జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, 20,000. మొత్తం 1,15,000. సీనరేజీ (ఖనిజాల మీద ప్రభుత్వ రుసుం) వేరే, ఇసుక, కంకర పర్మిట్ బిల్లులు చూపలేనివాడికి అది ఇంకా బరువు. 18 శాతం జీఎస్టీ బిల్లు మీద విడిగా వస్తుంది, దాన్ని లాభం అనుకుని వాడేస్తే రిటర్న్ నాడు తెలుస్తుంది. ఆ 20,000 జీఎస్టీ టీడీఎస్ దానంతట అది మన లెడ్జర్‌లోకి రాదు. పోర్టల్‌లో టీడీఎస్ క్రెడిట్ దగ్గరికి వెళ్లి యాక్సెప్ట్ కొట్టి ఫైల్ చేయాలి. ఇది తెలియక ఏడాది పాటు వదిలేసినవాళ్లు నాకు తెలుసు.

ఎఫ్‌ఎస్‌డీ తిరిగి ఇచ్చేది మా అగ్రిమెంటు ప్రకారం 24 నెలల తర్వాత. గడువుకు నెల ముందు, వానలు వెలిసిన రోజున రోడ్డంతా నడిచాను. రెండు జాయింట్ల దగ్గర చీలిక కనిపించింది, బిటుమెన్ పోయించి ఫొటో తీసి, అప్పుడు దరఖాస్తు పెట్టాను. ఆఫీసు వాళ్లు చూసి రాశాక మరమ్మతు చేస్తే ఇంకో తనిఖీకి రావాలి, దానికి మళ్లీ వాళ్ల తీరిక కోసం ఎదురుచూడాలి.