నైమేహెన్‌లో కరకట్ట వెనక్కి జరిగిన చోట

నెదర్లాండ్స్‌లోని నైమేహెన్ పాత ఊరి రేవులో నిలబడితే చిక్కు ఎక్కడుందో కంటికే తెలిసిపోతుంది. దేశంలోకి వచ్చే రైన్ నీళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ వాల్ పాయే మోస్తుంది. సరిగ్గా ఊరి దగ్గర నది మలుపు తిరుగుతుంది. ఆ మలుపులోనే రెండు గట్ల మధ్య వెడల్పు సుమారు 450 మీటర్లకు కుంచించుకుపోయింది. దక్షిణాన ఊరు గుట్ట మీద ఉంది, దాన్ని కదపలేరు. ఉత్తరాన లెంట్ గ్రామం కట్ట వెనక పల్లంలో ఉంది. వరదొస్తే నీళ్లు ఈ ఇరుకులో పట్టక వెనక్కి ఎగదన్నుతాయి.

1995 వరదకు కట్టలు నిలుస్తాయో లేదోనన్న భయంతో దేశంలో రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించారు. ఆ తర్వాత, దేశంలోకి ప్రవేశించే చోట రైన్ తట్టుకోవాల్సిన వరదను సెకనుకు 15,000 ఘనపు మీటర్ల నుంచి 16,000కు పెంచారు. మన లెక్కలో 5.65 లక్షల క్యూసెక్కులు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దాటిన 11.4 లక్షల క్యూసెక్కుల్లో ఇది సగమే.

కట్ట ఎత్తు పెంచితే సరిపోదా? కట్టతో పాటు లోపలి నీటి మట్టమూ పెరుగుతుంది. ఏటా ఒండ్రు పడి కట్ట లోపలి నేల లేస్తుంటే, బయటి పొలాలు కుంగుతుంటాయి. తెగిన రోజున ఊరి మీద పడే నీటి లోతు అంతకంతకూ ఎక్కువవుతుంది. అందుకే లెంట్ కట్టను 350 మీటర్లు వెనక్కి జరిపారు. దానికోసం 50 ఇళ్లు తొలగించారు. అది చిన్న మూల్యం కాదు. ఖాళీ అయిన నేలలో మూడు కిలోమీటర్లకు పైగా పొడవు, 150 నుంచి 200 మీటర్ల వెడల్పున కొత్త పాయ తవ్వారు. మధ్యలో మిగిలిన నేల లంకైంది. 2016కల్లా పని ముగిసింది. పెద్ద వరదలో ఇక్కడ నీటి మట్టం 35 సెంటీమీటర్ల దాకా తగ్గుతుంది.

వాల్ వంతెన మీదుగా నడిచి లంకలోకి దిగాను. నా దృష్టిలో మొత్తం పనికి ప్రాణం పాయ ఎగువ మొగలో కట్టిన అలుగు. దిగువ చివర ఎప్పుడూ నదికి తెరిచే ఉంటుంది. ఎగువన మాత్రం నది బాగా పెరిగితేనే అలుగు దూకి ప్రవాహం పాయలోకి వస్తుంది. ఏడాది పొడవునా వదిలితే అసలు నదిలో వేగం తగ్గి ఇసుక మేటలు వేస్తుంది, సరుకు పడవలకు లోతు చాలదు. అలుగు మరీ ఎత్తైతే వరద సమయానికి అందదు, పాయలో నిలవ నీరు పూడికతో నిండుతుంది. పాయ మీద సాలిఖె వంతెనను వంపులు తిప్పి, పెద్ద వరదకు రెండు కొసలూ మునిగేలా కట్టారు. పక్కనే కాంక్రీటు దిమ్మెలు వేశారు, మెట్టు మెట్టుగా వాటి మీద అడుగేసుకుంటూ వెళ్లొచ్చు.

కంటికి కనిపించని పని ఇంకోటుంది. నదిని ఇళ్ల దగ్గరకు తెస్తే ఇసుక పొరల గుండా నీళ్లు కట్ట కిందుగా ఊరి వైపు ఊరతాయి. దాన్ని ఆపడానికి భూమి లోపల ఊట గోడ దింపారు. కట్ట జరిపేవాళ్లు ఈ ఖర్చును మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి.

మర్నాడు సైకిల్ మీద తూర్పున మిల్లింగర్‌వార్డ్ లంక భూములకు వెళ్లాను. దారిలో ఒడ్డు నుంచి నదిలోకి పొడుచుకొచ్చిన రాతి గ్రోయిన్లు కనిపిస్తాయి. వాల్ పొడవునా వందల గ్రోయిన్లను సుమారు మీటరు మేర తగ్గించారు. మామూలు రోజుల్లో అవి ప్రవాహాన్ని మధ్యకు నెడతాయి, వరదలో నీళ్లు వాటి నెత్తి మీదుగా సాగిపోతాయి.

మిల్లింగర్‌వార్డ్‌లో పైనున్న బంకమట్టిని ఇటుక బట్టీలకు తీశారు. బల్లపరుపుగా గీకలేదు. కింద ఇసుక ఎలా ఎగుడుదిగుడుగా ఉందో ఆ వెంటే తవ్వారు, దాంతో నది పాత పాయలే మళ్లీ బయటపడ్డాయి. 1994లో ఈ ప్రాంతంలో బీవర్లను (చెట్లు కొరికి నీళ్లలో గూళ్లు కట్టుకునే, ఎలుక జాతి పెద్ద జంతువులు) వదిలారు, అవి నిలదొక్కుకున్నాయి.

అసలు పేచీ ఇక్కడే మొదలవుతుంది. తడి ఒండ్రు మీద విల్లో అనే నీటి ఒడ్డు చెట్ల మొక్కలు గడ్డిలా మొలుస్తాయి. నేల ప్రవాహాన్ని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె మ్యానింగ్ గరుకుదనం. పొట్టి గడ్డి నేలకు అది 0.03 దగ్గర ఉంటే, ఆకులతో ఉన్న దట్టమైన విల్లో పొదకు 0.15 దాకా పోతుంది. అదే లోతు, అదే వాలులో నీటి వేగం ఐదో వంతుకు పడిపోతుంది. తవ్వి సంపాదించిన సెంటీమీటర్లను పదేళ్ల అడవి తిరిగి తీసేసుకోగలదు. అందుకే ఎక్కడ గడ్డి, ఎక్కడ పొద, ఎక్కడ చెట్లు ఉండొచ్చో పటాలు గీసి చట్టబద్ధం చేశారు. ప్రవాహ మార్గానికి అడ్డొచ్చే చెట్లు కొట్టేస్తారు, నీళ్లు మందగించే మూలల్లో అడవిని ఉంచుతారు. నదిలో సర్కారు తుమ్మను ఒకసారి కొట్టించి బిల్లు పెట్టుకుని వెళ్లిపోయే మన పద్ధతితో ఈ లెక్క కుదరదు.

మిగతా కోత పని పశువులది. కోనిక్ గుర్రాలు, గాలోవే పశువులు ఏడాదంతా బయటే మేస్తాయి. అవి తిరిగిన చోట విల్లో మొక్కలు మోకాలి ఎత్తులోనే కొరికేసి కనిపించాయి. కాస్త అవతల, మేత తగలని ఇసుక దిబ్బ వెనక, అవే మొక్కలు నా తల దాటి పెరిగి ఉన్నాయి.