డ్రాయింగు మార్చే హక్కు

హైదరాబాద్ శివార్లలోని అదానీ ఏరోస్పేస్ పార్కులో 2024 జనవరి 10న అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ హరికుమార్ ‘దృష్టి 10’ నిఘా డ్రోన్‌ను ఆవిష్కరించారు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు బంధువులు, అపార్ట్‌మెంటు వాళ్లు, చివరికి మా బ్యాంకు మేనేజరు కూడా నన్ను ఒకే ప్రశ్న అడిగారు: ఇందులో మనది ఎంత శాతం?

నేను కార్బన్ ఫైబర్ భాగాలు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో నాణ్యత తనిఖీ చేస్తాను. ఏ కార్ఖానా, ఎవరికి ఏ భాగాలు అన్నవి ఇక్కడ రాయను. సంతకం పెట్టిన కాగితాలున్నాయి. విమానాల్లో వాడే భాగాలు అని చెప్పేసరికి నాకు అన్నీ తెలుసనుకుంటారు. తెలిసిన కాస్తలో నాకు అర్థమైంది ఏమిటంటే, శాతం అడిగితే ఖరీదు లెక్క తెలుస్తుంది. ఆ విమానం ఎవరి చెప్పుచేతల్లో ఉందో తెలియదు. అది తెలియాలంటే ఇంకో ప్రశ్న అడగాలి: రేపు దాని డ్రాయింగులో ఒక గీత మార్చాలంటే ఎవరి సంతకం కావాలి?

ముందు ఈ తరగతి డ్రోన్ గురించి కొంచెం. పెళ్లిళ్లలో ఫొటోలు తీసే నాలుగు పంకాల బొమ్మతో దీనికి సంబంధం లేదు. ‘దృష్టి’కి మూలం ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ సంస్థ హెర్మెస్ 900. దాని రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 15 మీటర్లు, ఒళ్లు మాత్రం 8.3 మీటర్లే. రెక్క సన్నగా, పొడవుగా ఉంటే గాలి వెనక్కి లాగే బలం తగ్గుతుంది. తొందర లేని విమానం కాబట్టి ఆస్ట్రియాలో తయారయ్యే రోటాక్స్ పిస్టన్ ఇంజను చాలు. దాని శక్తి మన రోడ్ల మీద తిరిగే ఒక మోస్తరు కారు ఇంజనంతే. మొత్తం కలిపి గాలిలోకి లేవగల బరువు 1,180 కిలోలు. ఇన్ని పిసినారి లెక్కలు కలిస్తేనే 36 గంటలు పైన ఉండగలుగుతుంది. ‘దృష్టి 10’ ఆ కుటుంబంలోనే పెద్దదైన స్టార్‌లైనర్ రకం, 450 కిలోల కెమెరాలు, రాడార్లు మోయగలదు.

ఆ గంటలు మాలాంటి కార్ఖానాల్లో గ్రాముల్లో మొదలవుతాయి. రెజిన్ అనే జిగురు ముందే పట్టించిన కార్బన్ బట్టను ప్రీప్రెగ్ అంటాం. చుట్టలుగా వస్తుంది, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో ఉంచుతాం. బయటికి తీసిన ప్రతి గంటా దాని ఆయుష్షులోంచి పోతుంది కాబట్టి ఆ గంటలను చుట్టతోపాటు తిరిగే కార్డు మీద రాస్తాం. జూలై తేమలో చల్లటి చుట్టను తొందరపడి సంచిలోంచి తీస్తే బట్ట మీద చెమ్మ పడుతుంది. అది పొరల మధ్య చేరి, ఆటోక్లేవు (ఒత్తిడి పెట్టి భాగాలను గట్టిపరిచే పొయ్యి) వేడికి ఆవిరై, బుడగగా మిగిలిపోతుంది. అందుకే చుట్ట గది వేడికి వచ్చి, సంచి మీద తడి ఆరేదాకా మూతి విప్పకూడదు. కొత్తగా చేరిన పిల్లలకు ఈ సంగతి చెప్పడం తేలికే, వాళ్లను ఆపడమే కష్టం. షిఫ్టు మొదలైంది, చేతులు ఖాళీగా ఉన్నాయి, చుట్ట ఎదురుగా ఉంది.

ఒక్కో పొరకు వెనక పలచటి ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. పరిచేటప్పుడు దాన్ని తీసేయాలి. ఒక్కటి లోపల ఉండిపోయినా భాగం చూడటానికి లక్షణంగానే ఉంటుంది, బరువు పడిన రోజున పొరలు విడిపోతాయి. అందుకని తీసిన కాగితాలన్నీ ఒక చోట పెట్టి లెక్కపెడతాం. తరువాత అల్ట్రాసౌండ్ పరీక్ష ఎలాగూ ఉంటుంది. అయినా మా పాత మేస్త్రి రూపాయి బిళ్లతో పలక మీద కొట్టుకుంటూ పోయి చెవి పెట్టి వింటారు. యంత్రం కంటే ముందే ఆయన చెవి చెప్పిన రోజులున్నాయి. యంత్రం చెప్పేదాకా నేను రిజిస్టరులో రాయను, అది వేరే సంగతి.

ఇదంతా మా చేతిలోని పని. డ్రాయింగు మాత్రం మా చేతిలో ఉండదు.

ఒకసారి ఒక పలక మీద రివెట్టు రంధ్రం అంచుకు కాస్త దగ్గరగా పడింది. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు, కానీ డ్రాయింగు ఒప్పుకునేదాని కంటే ఎక్కువ. నేను ఎర్ర చీటీ అంటించాను. వాడుకోవాలా, పారేయాలా, ఎలాగైనా సరిచేయాలా అన్నది తేల్చాల్సింది ఆ భాగాన్ని రూపొందించినవారు. వాళ్లు విదేశంలో ఉన్నారు. ఫొటోలు, కొలతలు పంపించాం. వాళ్ల పగలు వేరు, మన పగలు వేరు, మధ్యలో వాళ్ల పండగొకటి, మన పండగొకటి. పలక ఇనుప బీరువాలో తాళం వేసి ఉంది. చివరికి జవాబు ఒక్క వాక్యంగా వచ్చింది: వాడుకోవచ్చు.

ఎందుకు వాడుకోవచ్చో అందులో లేదు. డ్రాయింగులో కొలత ఉంటుంది, కారణం ఉండదు. ఆ రంధ్రం దగ్గర గాలిలో ఎంత భారం పడుతుందో, ఆ మూల రెండు పొరలు అదనంగా ఎందుకు వేశారో, ఎన్ని నమూనాలు విరగ్గొట్టి ఆ సంఖ్యకు వచ్చారో వేరే నివేదికల్లో ఉంటుంది. ఆ నివేదికలు మాకు వచ్చే కట్టలో ఉండవు.

మా మేనేజరుగారు దీనికి బాధపడరు. “అమ్మా, వాళ్లు ముప్పై ఏళ్లు డబ్బు పోసి నేర్చుకున్నది మనకు పార్సిల్లో పంపుతారా?” అంటారు. న్యాయమే. ఆటోక్లేవు నడపడం, ప్రతి రివెట్టుకూ పుట్టుపూర్వోత్తరాలు రాసి పెట్టడం మా నగరానికి ఇలాంటి పనుల వల్లే అలవాటయ్యాయి. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లేజ్‌లు, అంటే ఒళ్లు, సి-130 రవాణా విమానాల తోక భాగాలు తయారై అమెరికాకు వెళుతున్నాయి. హెర్మెస్ 900ను ఇజ్రాయెల్ వెలుపల తయారుచేసిన మొదటి కర్మాగారం 2018 డిసెంబరులో మన ఊళ్లోనే ప్రారంభమైంది. చిన్న విషయాలని నేను అనను. కానీ తయారుచేయడం వచ్చిన చోటికి మార్చడం తనంత తానుగా రాదు.

సొంత డ్రాయింగుతో వెళ్లిన దారి తపస్ డ్రోన్. బెంగళూరులోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఏడీఈ దాన్ని రూపొందించింది. 2011లో అనుమతి వచ్చింది, 2016 నవంబరులో చిత్రదుర్గ దగ్గర తొలిసారి ఎగిరింది. కావాలని అడిగింది 30,000 అడుగుల ఎత్తు, 24 గంటలు. అందుకున్నది 28,000 అడుగులు, 18 గంటలు. అనుకున్న దానికన్నా బరువు పెరిగింది. ‘దృష్టి’ ఆవిష్కరణ జరిగిన రోజుల్లోనే తపస్‌ను అత్యంత ప్రాధాన్య ప్రాజెక్టుల జాబితాలోంచి తీసేశారన్న వార్తలు వచ్చాయి. దాన్ని ఎగతాళి చేసినవాళ్లతో నేను కలవను. ఆ బరువు ఏ మూల, ఏ కారణంతో పెరిగిందో చెప్పగలిగినవాళ్లు బెంగళూరులో ఉన్నారు. ఎర్ర చీటీ పడితే వాళ్లు ఎవరికీ ఉత్తరం రాయనక్కరలేదు.

అయితే తపస్ ఇంజన్లు ఆస్ట్రియావి. వాటిని తయారుచేసే ఆస్ట్రో ఇంజన్ సంస్థ 2017లో తన మాతృసంస్థ డైమండ్‌తోపాటు చైనాకు చెందిన వాన్‌ఫెంగ్ చేతికి వెళ్లింది. మన సరిహద్దు మీద నిఘా పెట్టే విమానం గుండెకాయ అమ్మేవాడి యజమాని ఎవరో చూడండి! రోటాక్స్ కథ కూడా ఇలాంటిదే. 2020లో ఆర్మేనియా, అజర్‌బైజాన్ల మధ్య జరిగిన నాగోర్నో-కరాబాఖ్ యుద్ధంలో టర్కీ బైరక్తార్ డ్రోన్లలో ఆ ఇంజన్లు కనిపించాయి. దాంతో రోటాక్స్ మాతృసంస్థ, కెనడాకు చెందిన బీఆర్‌పీ, కొన్ని దేశాలకు సరఫరా ఆపేసింది. మంచు మీద నడిచే బండ్లు అమ్ముకునే సంస్థ అది. టర్కీవాళ్లకు డ్రాయింగు సొంతం కాబట్టి వేరే ఇంజను పెట్టే దారి ఉంది. డ్రాయింగు సొంతం కాని దేశమైతే ఆ అనుమతి కోసం కూడా ఇంకో తలుపు తట్టాలి.

మరి డ్రాయింగు అందరిదీ అయితే? యూరప్‌వాళ్లు యూరోడ్రోన్‌తో అదే ప్రయత్నం చేస్తున్నారు. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ 2015 మేలో కలిసి చేద్దామని సంతకాలు పెట్టాయి, తరువాత స్పెయిన్ చేరింది. అసలు ఒప్పందం కుదిరింది 2022 ఫిబ్రవరిలో. అంటే తపస్ ప్రాజెక్టు ఎగరడానికి పట్టిన కాలం కన్నా ఎక్కువ కాలం వాళ్లకు సంతకానికే పట్టింది. ఎయిర్‌బస్ ముందుంటుంది, ఫ్రాన్స్ దసో, ఇటలీ లియొనార్డో పక్కన ఉంటాయి. 20 వ్యవస్థలు, ఒక్కోదానిలో మూడు విమానాలు. రెండు ఇంజన్లు ఉండాలని జర్మనీ పట్టుబట్టింది, ఊళ్ల మీదుగా ఎగరాలి కదా అని. వాళ్ల భయానికి కారణముంది: పౌర గగనతలంలో ఎగిరే ధ్రువీకరణ దొరకదని తేలాక యూరోహాక్ అనే వేరే డ్రోన్‌ను 2013లో వదులుకున్నారు, అప్పటికే 50 కోట్ల యూరోలకు పైగా ఖర్చయింది. రెండు ఇంజన్ల వల్ల యూరోడ్రోన్ సుమారు 11 టన్నులకు చేరింది. ఇంత బరువు, ఇంత ఖరీదు ఎందుకని ఫ్రాన్స్‌లో గొణుగుడు మొదలైంది. ఇంజను దగ్గర ఫ్రెంచి సంస్థ సాఫ్రాన్ పోటీలో ఓడింది, ఇటలీ అవియో ఏరో గెలిచింది. ఆ అవియో ఏరో యజమాని మళ్లీ అమెరికా జీఈ.

చదువుతుంటే నవ్వొస్తుంది, కానీ నాకు ఈర్ష్యగానూ ఉంటుంది. రెండో ఇంజను గురించి పోట్లాడాలంటే ఆ బల్ల దగ్గర కుర్చీ ఉండాలి. 2025 జనవరిలో భారత్‌కు ఆ కార్యక్రమంలో పరిశీలక హోదా ఇచ్చారు. జపాన్ మనకంటే ముందే ఉంది. గోడ పక్కన వేసిన కుర్చీయే కావచ్చు. అక్కడ కూర్చునేవారు తీరిగ్గా వినాల్సింది విమానం గురించి కన్నా వాళ్ల తగాదాల గురించి అని నా అభిప్రాయం. ఏ దేశం ఏ సంఖ్య కోసం ఎందుకు పట్టుబట్టిందో తెలిస్తే, డ్రాయింగులో లేని కారణాలు కొన్నయినా దొరుకుతాయి.

కొనుక్కోవడం నాలుగో దారి. 2024 అక్టోబరులో అమెరికాతో 31 ఎంక్యూ-9బీ డ్రోన్లకు ఒప్పందం కుదిరింది, అందులో 15 నౌకాదళానికి. సరిగ్గా అంతకు ముందు నెల, నౌకాదళం అరక్కోణం నుంచి నడుపుతున్న ఆ కుటుంబపు అద్దె డ్రోను ఒకటి బంగాళాఖాతంలో దిగిపోయింది. నివేదిక ఇవ్వమని నౌకాదళం తయారీ సంస్థనే అడిగింది. ఇంకెవరిని అడుగుతుంది? 2025 జనవరిలో ‘దృష్టి’ ఒకటి కూడా అప్పగించే ముందు పరీక్షల్లో పోర్‌బందర్ దగ్గర సముద్రంలో పడింది. యంత్రమన్నాక పడుతుంది. పడినప్పుడు లోపలి లెక్కలు తెరిచి చూడగలిగేవారు ఎవరు అన్నదే నాకు ఆసక్తి.

భాగస్వాములు ఇద్దామనుకున్నా అన్నీ ఇవ్వలేరన్న మాట కూడా నిజమే. 500 కిలోలు మోస్తూ 300 కిలోమీటర్లు వెళ్లగల మానవరహిత విమానాలను క్షిపణుల పక్కన పెట్టి చూసే అంతర్జాతీయ కట్టుబాటు 1987 నుంచి ఉంది. 2016 జూన్‌లో మనం కూడా అందులో చేరాం. కొన్ని విషయాల్లో వాళ్ల కంపెనీ ఒప్పుకున్నా వాళ్ల ప్రభుత్వం ఒప్పుకోదు. అయినా ఈ విద్య ఏ ఒక్క దేశానిదీ కాదు. అమెరికా ప్రిడేటర్ డ్రోన్‌కు మూలమైన నమూనాలు చేసిన అబ్రహం కారెం బాగ్దాద్‌లో పుట్టి, ఇజ్రాయెల్‌లో పెరిగి, అమెరికా వెళ్లి మొదలుపెట్టారు. ఆయన ఏ సరిహద్దు దాటినా కారణాలన్నీ తలలో పెట్టుకునే దాటారు.

మా ఎదురింటి అబ్బాయి ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. “ఆంటీ, ఇటు రమ్మంటారా, సాఫ్ట్‌వేరుకు పొమ్మంటారా?” అని లిఫ్టులో అడిగాడు. జీతం కోసమైతే నిస్సందేహంగా అటే పొమ్మన్నాను. ఇటు వస్తే మాత్రం సీఎన్‌సీ యంత్రాలు నడపడం, లేఅప్ (పొరలు పరచడం) కన్నా ముందు స్ట్రెస్ లెక్కలు, అంటే ఏ భాగం ఎంత భారం తట్టుకుంటుందో తేల్చే లెక్కలు, గట్టిగా నేర్చుకోమన్నాను. ఎర్ర చీటీ పడినప్పుడు ‘వాడుకోవచ్చు’ అని కారణంతో సహా రాయగలవారు మాకు అరుదుగా దొరుకుతారు. వాడు తల ఊపాడు. సాఫ్ట్‌వేరుకే పోతాడని నా అంచనా, తప్పు పట్టను.

2025 ఆగస్టులో రక్షణ కొనుగోళ్ల మండలి త్రివిధ దళాలకూ ఈ తరగతి డ్రోన్లు సమకూర్చుకోవడానికి ఆమోదం తెలిపింది. మళ్లీ విదేశీ భాగస్వాములు వస్తారు, మళ్లీ పత్రికల్లో శాతాలు వస్తాయి. ఆ ఒప్పందాలు రాసేవారిలో ఎవరైనా పొరపాటున ఇది చదివితే నాలాంటి తనిఖీదారు అడిగేవి ఇవి. రెక్కకు సంబంధించిన భారాల నివేదికలు డ్రాయింగులతోపాటే రావాలి. ఫలానా పరిమితి లోపలి తేడాలను ఇక్కడి ఇంజనీర్లే తేల్చే అధికారం మొదటి విమానం నుంచి కాకపోయినా పదో విమానం నుంచైనా ఉండాలి. మన కుర్రవాళ్లు కొందరు రెండేళ్లపాటు వాళ్ల డిజైను కార్యాలయంలో కూర్చుని పనిచేయాలి, అదీ ఫొటోలకు నిలబడే పర్యటన కాకుండా జీతం మీద. ఇంజను మార్చుకునే హక్కు రాతపూర్వకంగా ఉండాలి. వీటి కోసం శాతంలో ఐదో పదో తగ్గించుకోవాల్సి వస్తే తగ్గించుకోండి.