పదో పేరు మా అత్తయ్యది
నిన్న రాత్రి డాక్టర్స్ డే డిన్నర్‌కి అత్తయ్యతో వెళ్లాను. ఏటా జూలై 1న, పేరున్న వైద్యుడు బీసీ రాయ్ పుట్టినరోజున (1962లో ఆయన పోయింది కూడా అదే తేదీన), మా ఊరి డాక్టర్లు మంచి పని చేసినవాళ్లని పిలిచి సన్మానిస్తారు. సర్జన్ల శాలువాలన్నీ అయ్యాక పదో పేరుగా అత్తయ్యని పిలిచారు. అత్తయ్య ఏఎన్ఎం, అంటే ఇంటింటికీ తిరిగి టీకాలేసే నర్సు. డాక్టర్ల పండగలో ఏఎన్ఎంకి సన్మానమేంటి అని పక్క టేబులాయన గొణిగాడు, నాకు ఒళ్లు మండింది గానీ ఊరుకున్నా.

రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాల్సిన టీకాల్ని ముప్పై ఏళ్లుగా ఐస్ ప్యాకుల మధ్య పెట్టి, ఎండలో గడపగడపకీ మోసిన మనిషి. ఎడమ భుజం మీద టీకాల క్యారియర్ పట్టీ రాసుకుని నల్లగా కాయ కాసింది, శాలువా జారినప్పుడు నాకు కనిపించింది.

స్టేజీ ఎక్కేముందు చెప్పులు కిందే విడిచేసింది, గుడి అనుకుందో ఏమో! మైకిస్తే, "రేపు బుధవారం, టీకాల రోజు, పిల్లలున్నవాళ్లు మర్చిపోకండి" అనేసి దిగిపోయింది. హాలంతా నవ్వు, తర్వాత చప్పట్లు, చాలాసేపు.

బిర్యానీ చల్లారిపోయింది, అది వేరే విషయం. పొద్దున లేచేసరికి షీల్డు ఫ్రిజ్ మీద ఉంది, అత్తయ్య లేదు.