పండుగ చాయ్‌ల పాలు పోసినందుకు

"చాయ్‌ను చంపేసినవ్" అన్నది నాతోటి పనిచేసేటామె. నవ్వుకుంట అన్నా అయిపోవు, సీదా మొఖం పెట్టి అన్నది.

జర్మనీ హాంబర్గ్‌ల డిసెంబర్ నెలల పొద్దున ఎనిమిదిన్నర దాంక తెల్లారదు. మా షిఫ్ట్ ఆరింటికి, అంటే మేం వచ్చి రెండు గంటలు పని చేసినంక సూర్యుడు డ్యూటీ ఎక్కుతడు, మళ్ల నాలుగింటికే దిగిపోతడు. అసొంటి పొద్దుగాల బ్రేక్ రూంల కరెంట్ పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టి, టేస్టింగ్‌ల మిగిలిన క్రిస్మస్ పండుగ చాయ్ మిక్స్ రెండు చెంచాలు ఏసి, ఇంత అల్లం దంచేసి, పాలు పోసి రెండు పొంగులు రానిచ్చిన. గంతే నేను చేసింది. ఆమె కప్పు కడుక్కుందామని వచ్చి గిన్నెలకు తొంగి చూసి గా మాట అన్నది. మంచి మనిషే, నేను కొత్తగ వచ్చినప్పుడు బీమా కాగితాలన్నీ పక్కన కూసొని నింపించింది, అందుకే ఇంకా తలిగింది అనుకుంట. తెల్వనోళ్లు అంటే ఆ చెవున విని ఈ చెవున ఇడుస్తం.

జర నా పని సంగతి చెప్పాలె. చాయ్ పత్తి మూటలు దిగి, కలిసి, డబ్బాలల్ల పడే చోట లాబ్‌ల చేస్త. హాంబర్గ్ అంటే యూరప్ చాయ్ వ్యాపారానికి పెద్ద రేవు, ఎనకట కాఫీ, చాయ్, మసాలాలు దాచిన ఎర్ర ఇటుకల గోదాముల వాడ ఇప్పటికీ ఉన్నది, ష్పైషర్‌ష్టాట్ అంటరు, 2015ల యునెస్కో వారసత్వం లిస్టుల కూడా పెట్టిండ్రు. మా గోదాం గంత అందంగ ఏం లేదు, రేకుల షెడ్డు. నా పని ఎక్కువ తేమ చూసుడు, పురుగు మందుల అవశేషాలు చూసుడు, చెక్కల కూమరిన్ చూసుడు. ఈ కూమరిన్ అనేది ఎక్కువైతే కాలేయానికి చెడు చేసే వాసన పదార్థం, మన కిరాణాల దొరికే మందం దాల్చిన చెక్కల ఎక్కువుంటది, సిలోన్ చెక్కల చానా తక్కువ. 2006ల ఇక్కడ క్రిస్మస్ బిస్కెట్లల్ల ఎక్కువుందని పెద్ద లొల్లి అయ్యింది, తర్వాత చెక్క ఏసి చేసే పండుగ బేకరీ ఐటమ్స్‌కు కిలోకు 50 మిల్లీగ్రాములే అని యూరప్ అంతటికీ హద్దు పెట్టిండ్రు. మనింట్ల బగారకు చెక్క ఎంత ఏస్తరో వీళ్లకు చెప్తే పండుకోరు.

అప్పుడప్పుడు టేస్టింగ్‌కు మమ్మల్ని గూడ పిలుస్తరు, ముక్కు మంచిదున్నోళ్లు కావాలని. తెల్ల పింగాణి కప్పులు వరుసగ పెడతరు, 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల చాయ్, మరిగిన నీళ్లు పోసి సరిగ్గ 6 నిమిషాలు మూత, అది అంతర్జాతీయ పద్ధతి, దానికో ఐఎస్ఓ నంబరు కూడ ఉన్నది. తర్వాత గిన్నెలకు వంపి చెంచాతోటి తీసుకొని జుర్రాలె. మామూలుగ కాదు, సర్రుమని చప్పుడొచ్చేటట్టు. గాలి తోటి కలిసి చాయ్ నోరంతా చిమ్మితే వాసన ఎనక నుంచి ముక్కుకు ఎక్కుతదంట, జుర్రి, తిప్పి, బకెట్ల ఉమ్ముడే. మొదటిసారి చదువుకున్న పెద్ద పెద్దోళ్లంతా కోటు లేసుకొని వరుసగ నిలబడి సర్రు సర్రుమంటుంటే నాకు నవ్వు ఆగలే. మా నాయన సాసర్ల పోసుకొని ఇట్లనే జుర్రుతడు, సదువుకున్న పిల్లలం మేము "ఏంది నాయనా, సుట్టాలున్నరు" అని కోపానికొచ్చేటోళ్లం. ఇక్కడ గదే పనికి జీతం ఇస్తున్నరు. కాని చూడుండ్రి, అదే మనుషులు టేస్టింగ్ రూం దాటి క్యాంటీన్‌ల కూసున్నంక ఎవలన్నా సూప్ జుర్రితే మూతి ముడుస్తరు.

ఇగ ఈ పండుగ చాయ్. అస్సాం, సిలోన్ నల్ల చాయ్ ఆకు, దాంట్ల దాల్చిన చెక్క తునకలు, లవంగాలు, యాలకులు, ఎండిన నారింజ తొక్క, బాదం పలుకులు, వెనీలా. అడ్వెంట్ అని క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఉంటయి, ఆ దినాలల్ల పొద్దుగాల పొద్దుగాల క్యాండిల్ పెట్టుకొని ఇది తాగుతరు. 24 చిన్న చిన్న తలుపులున్న అట్ట డబ్బాలు వస్తయి, రోజుకో తలుపు తీస్తే రోజుకో చాయ్ సంచి. అయితే సూపర్ మార్కెట్లల్ల ఈ పండుగ సామాను సెప్టెంబర్ల నుంచే మొదలు, మన దగ్గర వినాయకుడు నీళ్లల్ల పడకముందే.

మూత తీసి ముక్కు పెట్టంగనే నాకు బగారన్నం వాసనొచ్చింది. చెక్క, లవంగం, ఇలాచి, ఇంకేం కావాలె, ఒక్క షాజీర తక్కువ. మర్రిగూడ దిక్కు మా ఊర్ల చర్చి ఎనుక వాడ కట్టల క్రిస్మస్ నాడు అదే వాసన, కాగితం చుక్కల బుగ్గలు ఇండ్ల మీద వేలాడుతుండేటివి, నా దోస్తు వాళ్లమ్మ టిఫిన్ డబ్బాల బగార, మటన్ కూర పంపిచ్చేది, మేం సంక్రాంతికి సకినాలు పంపేటోళ్లం. అందుకే క్రిస్మస్ అంటే నాకు ఈ దేశానికొచ్చినంక తెలిసిన పండుగ కాదు. కాని వాసన మనదే, తాగితే మాత్రం... పలచగ, చేదుగ, చెక్క ఎక్కడనో దూరంగ, ముందట వెనీలా అగర్బత్తి లెక్క. ముక్కుకు బగార చూపెట్టి నోట్లె గంజి పోసినట్టు.

గా పలచదనం గురించే నాకు రోజుల తరబడి బుర్రల తిరిగింది, ఎవలితోటన్నా కొట్లాడినట్టు బస్సుల గూడ లోపల లోపల వాదించుకున్న. మొత్తానికి నాకు తోచింది ఇది. నల్ల చాయ్ ఆకును నాలుగైదు నిమిషాలు దాటి ఉంచితే వగరు దిగి నాలుక గుంజుతది, అందుకే వీళ్లు గడియారం పెట్టుకొని తీసేస్తరు. మరి దాల్చిన చెక్క తునక, లవంగం, గవి మూడు నిమిషాల వేడి నీళ్లకు ఏం ఇస్తయి? బెరడు అది, మొగ్గ అది, మరగాలె. అప్పుడు గాని కడుపుల ఉన్నది బయట పెట్టయి. అంటే ఆకుకేమో తక్కువ టైం, మసాలాకేమో ఎక్కువ టైం, రెండిటికీ ఒక్క గిన్నెల పొందు కుదరదు. వీళ్లు దానికి చేసే ఉపాయం ఏందంటే పైనుంచి అరోమా అని వాసన నూనె చల్లుడు, డబ్బా ఎనుక చిన్న అక్షరాలల్ల చూడుండ్రి, చానా మటుకు ఉంటది. మనోళ్లు చేసిన ఉపాయం పాలు. పాలల్ల ఉండే ప్రోటీన్ వగరును పట్టుకుంటది, కాబట్టి ఎంత మరగబెట్టినా నాలుక అంతగ గుంజదు, చెక్క చెక్కలెక్క దిగుతది, అల్లం అల్లం లెక్క దిగుతది, అత్తరు పని లేదు. పైగ మనం తాగే చాపత్త వేరే, 1930ల అస్సాంల కనిపెట్టిన సీటీసీ (నలిపి, చింపి, చుట్టే) మిషన్ ల నలిగి గుండ్లు గుండ్లుగ అయినది, దానికి పాల మీద నిలబడే బలం ఉంటది. ఇన్ని తెలిసి చేసిండ్రా మనోళ్లు అంటే, తెల్వకుంటనే సరిగ్గ చేసిండ్రు. మా ఊరి దిక్కు మాల్ అనే ఊరి అంగడికాడ చాయ్ పోసేటాయనకు కెమిస్ట్రీ ఎవలు చెప్పిండ్రు, పొద్దంత అదే గిన్నె మరుగుతుంటది, మీద ఇంత మీద ఇంత పత్తి ఏసుకుంట పోతడు, సాయంత్రం చాయ్ పొద్దుటి కన్నా బాగుంటది.

మరి చంపింది ఎవలు?

ఇంకో ముచ్చట, నాకు ఎక్కువ కాలింది ఇక్కడనే. ఆమెది ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్, జర్మనీ వాయవ్యంల సముద్రం ఒడ్డు. ఆ ప్రాంతపోళ్లు చాయ్ పిచ్చోళ్లు, మనిషికి ఏడాదికి దగ్గర దగ్గర 300 లీటర్లు, ప్రపంచంలనే ఎక్కువ అంటరు. వాళ్ల చాయ్ మర్యాదను జర్మనీ సంస్కృతి వారసత్వం లిస్టుల కూడా ఎక్కించిండ్రు 2016ల. ఎట్ల తాగుతరంటే, ముందుగాల కప్పుల పెద్ద పటికబెల్లం రాయి, దాని మీద మరుగుతున్న చాయ్ పోస్తే అది టక్కుమని పగులుతది, ఆ చప్పుడు వినాలె, అది మర్యాద. తర్వాత చెంచాతోటి అంచు పొంటి మీగడ ఇడుస్తరు, అది కిందికి పోయి మబ్బు లెక్క మీదికొస్తది. కలపొద్దు. కలిపితే మోటోడు అన్నట్టు చూస్తరు. ముందు మీగడ, నడుమ చేదు, అడుగున తీపి, మూడు రుచులు వరుసగ రావాలె. మూడు కప్పులు తాగకుంటే లేవొద్దు, చాలు అంటే చెంచా కప్పుల పెట్టాలె, లేకుంటే పోస్తనే ఉంటరు. వాళ్లింటికి ఒక్కసారి పోయిన, బయట ముసురు వాన, లోపల ఆమె కలపకుంట నాకు నేర్పిచ్చుకుంట పోసింది, అబద్ధం ఎందుకు, మస్తుంటది. చుట్టమొస్తే చాయ్ పోయకుంట పంపుడు మనకెట్ల తప్పో వాళ్లకు అట్లనే. ఆ చాయ్ల ఎక్కువ మటుకు ఆకు ఏందో తెలుసా, అస్సాంది.

అంటే మీగడ పోస్తే మర్యాద, పాలు పోస్తే హత్య. పటికబెల్లం ఏస్తే సంస్కృతి, చక్కెర ఏస్తే ఖరాబు. ఇది ఆమెతోటి అన్న కూడా. జర్మన్ ల కోపం ఇంకా మంచిగ రాదు నాకు, క్రియ చివరికి పెట్టే లోపట కోపం సగం దిగుతది. ఆమె విని, "మేం ఉడకబెట్టం గదా" అన్నది. అయిపోయింది, ఉడకబెట్టుడే వాళ్లకు పడనిది.

ఇది ఇయ్యాలటి ముచ్చట కూడ కాదు. తెల్లోళ్ల కాలంల మన దేశంల చాయ్ అలవాటు చెయ్యాలని కంపెనీల సంఘమోళ్లు మనుషులను పెట్టి ఊరూరా పోసి చూపెట్టిండ్రు, ఇంగ్లీషోళ్ల తీరు కాచుడు నేర్పిచ్చిండ్రు. మన చాయ్ బండ్లోళ్లు నేర్సుకున్నట్టే నేర్సుకొని పాలు ఎక్కువ, చక్కెర ఎక్కువ, మసాలా ఏసి ఆకు తక్కువ చేసిండ్రు. సంఘమోళ్లకు నచ్చలే, ఆకు అమ్ముడు తక్కువైతదని. రుచి పోతదని కాదు చూడుండ్రి, అమ్మకం పోతదని. గరీబోడు ఇంత ఆకుతోటి ఇంటిల్లిపాదికి కాచుకున్న ఉపాయం అది.

నీళ్ల సంగతి వస్తే మాత్రం నేను నోరు మూసుకుంట. ఇక్కడ చాయ్‌కు నీళ్లు సగం అంటరు, సున్నం ఎక్కువున్న నీళ్లల్ల మీద తెట్టె కడతది, రంగు మబ్బు పడతది అని ఫిల్టర్ జగ్గుల పోసి పెడతరు. ఒకరోజు లాబ్‌ల నీళ్ల పరీక్షలు చేసే పెద్దాయన మాది ఏ ఊరని అడిగితే ఇండియా అని ఊరుకోకుంట నలగొండ అన్న, ఆయన ఠక్కున "నలగొండ టెక్నిక్?" అన్నడు. పటిక, సున్నం కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతి, నాగపూర్ నీరి సంస్థ వాళ్లు చేసింది, మా జిల్లా పేరు దాని మీదికెక్కింది. కాళ్లు వంకర పోయిన మా వాడకట్టు ముసలోళ్లు యాదికొచ్చిండ్రు, మా నాయన పండ్ల మీద గోధుమ రంగు గీతలు యాదికొచ్చినయి. ఆయనే చెప్పిండు, చాయ్ చెట్టు కూడ నేల నుంచి ఫ్లోరైడ్ గుంజి ఆకుల దాసుకుంటది, ముదురు ఆకులల్ల ఎక్కువ అని. గది విన్న కాడి నుంచి ఇంటికి ఫోన్ చేసి నాయన చాయ్ లెక్క పెట్టమని అమ్మకు చెప్పిన. 2015ల మా దిక్కు చౌటుప్పల్ కాడ మిషన్ భగీరథ పైలాన్ పెట్టినంక కృష్ణ నీళ్లు నల్లాలకు వచ్చినయి, అయినా పాత బొక్కలకు పాత నీళ్లే పట్టి ఉన్నయి గదా.

నాయన ఊకుంటడా. "గా దేశంల చాయ్ తాగుడుకు నీకు జీతం ఇస్తున్నరు, ఈడ నా చాయ్ నువ్వు బంద్ చేయిస్తవా బిడ్డా" అన్నడు ఫోన్ల. ఎనక నుంచి అమ్మ నవ్వుడు వినబడ్డది. మాకు తెలిసిన పిల్లగాడు ఇంటికి పోతుంటే వాని తోటి ఒక పండుగ చాయ్ డబ్బా పంపిన, ఎట్ల తాగాలో చెప్పలే. వాళ్లు బర్రె పాలల్ల కాచి, ఆ బాదం పలుకులు ఏరి మనుమరాలికి పెట్టి, నారింజ తొక్కలను "ఇదేందే కచ్చరా" అని తీసి పారేసిండ్రంట. చాయ్ ఎట్లుంది నాయనా అంటే "మంచిగనే ఉంది, పులావు తిన్నంక తాగిన నీళ్ల తీరుగ" అన్నడు.

అన్నట్టు పాలు పోద్దామనుకునేటోళ్లకు ఒక మాట. డబ్బా మీద నల్ల చాయ్ అని ఉంటేనే పొయ్యుండ్రి. పండ్ల చాయ్ అని ఎర్రగ ఉండేది ఉంటది, అండ్ల మందార జాతి పువ్వు ఏస్తరు, అది మన ఎర్ర పుంటికూర పూల బుడ్డలే, పులుపు. పాలు పోస్తే విరుగుతయి. ఇక్కడికొచ్చిన కొత్తల మనోళ్లు చానా మంది ఈ ఎర్రదాంట్ల పాలు పోసి డబ్బు దండగ చేసుకున్నరు.

వచ్చే ఏటి పండుగ మిక్స్ ఇప్పటి నుంచే చూస్తరు మా దగ్గర. మొన్న నమూనాలు పెట్టిండ్రు, ఒకదాంట్ల శొంఠి, మిరియాలు ఉన్నయి, వెనీలా తక్కువ, జుర్రంగనే గొంతుల కొంచెం మంట. నేను దానికే ఓటు వేసిన. ఆమె నా పక్కనే నిలబడి జుర్రింది, ఆమె కూడా దానికే వేసింది, కాని కాగితం మీద "మీగడతోటి బాగుంటది" అని రాసింది, నేను చూసిన. నేను "పాలతోటి" అని రాసిన. మాదగ్గర ఎక్కువ మంది వెనీలా దండిగున్న దానికే వేసిండ్రు, అదే పోతది డబ్బాలకు. మిగిలిన శొంఠి నమూనా మేమిద్దరం చెరిసగం పంచుకొని ఇంటికి తీసుకుపోయినం, ఆమె సగం ఆమె ఎట్ల కాచుకుంటదో ఆమె ఇష్టం.