వంటింటి గోడ మీద ట్యాబ్

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి మోటారు స్విచ్చు పెరట్లో, ట్యాంకు మేడ మీద. మోకాళ్ల నొప్పులతో అమ్మ ఆ రెండింటి మధ్యా తిరగలేకపోతోంది. సొరుగులో ఎనిమిది అంగుళాల పాత ఆండ్రాయిడ్ ట్యాబ్ ఒకటి పడి ఉంది. దాన్ని వంటింటి గోడకి బిగించి, మోటారూ లైట్లూ అక్కడినుంచే నడపాలనుకున్నాను.

సాఫ్ట్‌వేర్ రెండు సాయంత్రాల పని. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌లో, ఇంట్లోని పరికరాల్ని నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. అది ఇంట్లోనే నడుస్తుంది, నెట్ పోయినా ఫర్వాలేదు. ట్యాబ్‌లో, ఒక్క పేజీనే చూపించే ఫుల్లీ కియోస్క్ యాప్ పెట్టి, దానికి 8123 పోర్టుతో హోమ్ అసిస్టెంట్ పేజీ అడ్రసు ఇచ్చాను. ఇక ఆ పేజీ తప్ప ఇంకేమీ తెరుచుకోదు.

అసలు కష్టం గోడ లోపల ఉంది. ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి చూసి "న్యూట్రల్ నాహిఁ" అన్నాడు ఒడియాలో, అంటే కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ లేదని. మా పాత ఇంట్లో స్విచ్చు దాకా ఫేజే వస్తుంది, న్యూట్రల్ తిన్నగా లైటుకి పోతుంది. నేను కొన్న వైఫై రిలేలకి, అంటే వైఫైతో ఆన్, ఆఫ్ అయ్యే చిన్న స్విచ్చులకి, రెండూ కావాలి. మూడు బోర్డులకి కొత్త తీగ లాగించేసరికి, ట్యాబ్ కొత్తది కొన్నా ఇంత అయ్యేది కాదనిపించింది. ఒక హెచ్‌పీ మోటారు స్టార్టయ్యేటప్పుడు లాగే కరెంటుని చిన్న రిలే తట్టుకోదని మధ్యలో ఎక్కువ కరెంటుని మోసే కాంటాక్టర్ అనే స్విచ్చు కూడా అతనే పెట్టించాడు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

వారం తిరక్కుండానే ఓ రాత్రి గాలివానకి కరెంటు పోయింది. అప్పుడు మోటారు నడుస్తోంది. అర్ధరాత్రి కరెంటు రాగానే దానంతటదే మళ్లీ మొదలైంది! తెల్లారి లేచేసరికి మేడ మీంచి నీళ్లు, పక్కింటివాళ్ల మొహాలు. రిలేలోని టాస్మోటా అనే సాఫ్ట్‌వేర్, కరెంటు పోకముందు ఏ స్థితిలో ఉందో అదే గుర్తుపెట్టుకుంటుందట. దాని సెట్టింగుల్లో పవర్ఆన్‌స్టేట్ 0 అని మార్చాను, అంటే కరెంటు వచ్చాక రిలే ఆఫ్‌లోనే ఉంటుంది. పల్స్‌టైమ్ 1300 అని కూడా పెట్టాను, అంటే ఇరవై నిమిషాలకి మోటారు దానంతటదే ఆగిపోతుంది. వంద కలిపి సెకన్లలో రాయాలి, అదో వింత లెక్క.

ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉండి, మూడు నెలలకి ట్యాబ్ వీపు ఉబ్బింది. బ్యాటరీ మార్పించి, ఛార్జర్‌ని స్మార్ట్ ప్లగ్‌కి తగిలించాను. ఇప్పుడు 30 శాతానికి ఆన్, 80కి ఆఫ్.

బటన్ల పేర్లు తెలుగులో రాశాను. పనమ్మాయికి ఒడియానే వచ్చు, అందుకని మోటారుకి కుళాయి బొమ్మ పెట్టాను. అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే పూజ గదితోపాటు ట్యాబ్‌నీ తడిగుడ్డతో తుడుస్తుంది. ఇంట్లో లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరతాయి.