మెషీన్ విలువ ఎంతని అడిగితే

అమెరికాలో నా ఉద్యోగం ఫ్యాక్టరీలకు వెళ్లి మెషీన్లకు విలువ కట్టడం. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి ఇక్కడికి వచ్చిన మనవాళ్లలో చాలామందికి ఇలాంటి వృత్తి ఒకటుందనే తెలియదు. అప్రైజర్ల (విలువ కట్టేవాళ్ల) సంఘమైన అమెరికన్ సొసైటీ ఆఫ్ అప్రైజర్స్ కోర్సులు, ఈ పనిలో పాటించాల్సిన యూస్‌పాప్ అనే ప్రమాణాల మీద పరీక్ష, 2 ఏళ్ల పూర్తికాల అనుభవం వంటివి ఉంటే తొలి గుర్తింపు వస్తుంది. షాప్‌ఫ్లోర్ అంటే ఇష్టమున్నవాళ్లకు ఇది మంచి దారి.

"ఇదెంత చేస్తుంది?" అని ఓనర్లు అడుగుతారు. "ఎందుకోసమండీ?" అని నేను తిరిగి అడుగుతాను. తొందరేమీ లేకుండా, ఇష్టపడి కొనేవాళ్లకు అమ్మితే ఒక విలువ. కొన్ని నెలల గడువులో కొనేవాళ్లను వెతికి అమ్ముకుంటే అంతకంటే తక్కువ. ఉన్నపళంగా వేలం వేస్తే ఇంకా తక్కువ. అప్పిచ్చే బ్యాంకు ఎక్కువగా ఈ చివరి రెండే చూస్తుంది. నడుస్తున్న షాపును, అంటే మెషీన్లతో పార్టులు చేసే వర్క్‌షాపును, అలాగే కొనేవాళ్లకు ఫౌండేషన్, వైరింగ్ కూడా విలువైనవే. ఊడదీసి పట్టుకెళ్లేవాళ్లకు వాటితో పనిలేదు. అకౌంటెంట్ పుస్తకాల్లో తరుగుదల పోయి సున్నా అయిన మెషీన్ కూడా రోజూ పార్టులు తీస్తూనే ఉంటుంది, కాబట్టి ఆ సున్నాని నేను పట్టించుకోను.

ఆ మధ్య ఒక తెలుగాయన సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్ల) షాపుకి వెళ్లాను. ఒకే మోడల్, ఒకే ఏడాది మెషీన్లు రెండు పక్కపక్కనే ఉన్నాయి. నేమ్‌ప్లేట్ మీద గ్రీజు తుడిచి సీరియల్ నంబరు ఫొటో తీసుకున్నాను. తర్వాత కంట్రోల్ స్క్రీన్‌లో గంటలు చూశాను. పవర్ ఆన్‌లో ఉన్న గంటలు రెండింటికీ దగ్గరదగ్గరగానే ఉన్నాయి, కానీ మెటల్ కోసిన గంటలు ఒకదానికి రెట్టింపు. కోసే పనిముట్టును పట్టుకుని తిరిగే ఇరుసును స్పిండిల్ అంటారు, దాన్ని తిప్పించి విన్నాను. ఎక్కువ కోసిన మెషీన్ సన్నగా కూస్తోంది. రంగు చూసి విలువ కట్టేవాళ్లకు ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

బ్యాంకు లోన్ కోసమే రిపోర్టు. "మనవాడివి కదా తమ్ముడూ, కాస్త పెంచి రాయి. నీ ఫీజు కూడా దాన్నిబట్టే ఇస్తాను" అన్నాడాయన.

"కుదరదన్నా. విలువనిబట్టి ఫీజు తీసుకోవడం యూస్‌పాప్‌లో నిషేధం. పైగా లోన్‌కి మీరే సొంత పూచీ ఇస్తారు. రేపు వేలంలో అంత రాకపోతే ఆ తేడా మీ మెడకే చుట్టుకుంటుంది" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. పరాయి దేశంలో మన భాష వినిపిస్తే కాస్త ఆసరా దొరుకుతుందని ఎవరికైనా ఆశ ఉంటుంది, ఆయన్ని తప్పుపట్టలేను. నేను సాయం చేయగలిగింది వేరే ఉంది. సర్వీస్ రికార్డులు, రిపేర్ బిల్లులు అన్నీ తీయమన్నాను. తక్కువ కోసిన రెండో మెషీన్‌కి కొత్త స్పిండిల్ వేయించిన బిల్లు దొరికింది. మెషీన్ అసలు ధరలో చేరని టూలింగ్ (కోసే పనిముట్లు), కొలతలు తీసే ప్రోబ్ కూడా జాబితాకెక్కాయి. వీటితో విలువ నిజంగానే పెరిగింది, బ్యాంకు అడిగినా చూపించడానికి కాగితం ఉంది.

షాపు నడిపే మనవాళ్లు ఎవరైనా చదువుతుంటే, ఈ వారమే ప్రతి మెషీన్ నేమ్‌ప్లేట్ ఫొటో తీసి, బిల్లులతోపాటు ఒక ఫైల్లో పెట్టండి. పార్ట్‌నర్లు విడిపోయే ఆలోచనలో ఉంటే, మాటామాటా పెరగకముందే ఇద్దరూ ఒకే అప్రైజర్‌ని ఒప్పుకోండి. విలువ ఏ తేదీ నాటిదో కూడా అప్పుడే రాసుకోండి.