బియ్యం సంచితో మొదలుపెట్టండి, బస్తాతో కాదు

నడుం నొప్పి మూడు నెలలు దాటిందంటే ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "ఇక బిందె ముట్టుకోవద్దు." ఆ మాట ఏడాది పాటిస్తే నడుం, తుంటి, తొడల్లో బలం తగ్గుతుంది. ఆపైన ఏ పెళ్లి పనుల్లోనో 25 కిలోల బియ్యం బస్తా ఎత్తబోతే పట్టేస్తుంది. మానేసిన బరువును మళ్లీ కొలిచి అలవాటు చేయాలి.

ముందు వంగడం నేర్చుకోవాలి. బూజుకర్రను వీపు మీద నిలువుగా పట్టుకోండి. తల వెనుక, రెక్కల మధ్య, పిరుదుల పైన, మూడుచోట్లా తగలాలి. మోకాళ్లు కాస్త సడలించి, వెనకున్న తలుపును పిరుదులతో మూస్తున్నట్టు వాటిని వెనక్కి నెడుతూ ముందుకు వంగండి. కర్ర ఈ మూడింటిలో ఏ ఒక్కచోట ఒంటిని వదిలినా అక్కడే ఆగి లేవండి. తొడల వెనుక లాగితే సరిగ్గా చేస్తున్నట్టే.

తర్వాత రెండు చెవుల గుడ్డసంచిలో 5 కిలోల బియ్యం. నీళ్లు వద్దు, సగం నిండిన క్యాన్‌లో అటూ ఇటూ ఊగుతాయి. సంచిని మోకాలెత్తు స్టూలు మీద పెట్టి ఎనిమిదిసార్లు ఎత్తి దించండి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ. అలా మూడు విడతలు, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. తేలికైతే ఒకటి రెండు కిలోలు కలపండి, లేదా స్టూలు తీసి పీట వేయండి. రెండూ ఒకేసారి మార్చారో, నొప్పి వస్తే దేనివల్లో తెలియదు.

ఎక్కువమంది చెడగొట్టుకునేది దూరం దగ్గర. అదే 10 కిలోల సంచి నడుముకు 25 సెంటీమీటర్ల దూరంలో కాక 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దాని లాగుడు రెట్టింపవుతుంది. "మోకాళ్లు వంచి కూర్చుని ఎత్తండి" అని గోడల మీద బొమ్మలుంటాయి. వెడల్పాటి బుట్ట మోకాళ్ల మధ్య పట్టకపోతే, అలా కూర్చున్నందుకే అది ముందుకు జరిగి నడుముకి దూరమవుతుంది! గుంటూరు మిర్చి యార్డులో హమాలీలు టిక్కీని (మిర్చి బస్తాను) ఒంటికి ఆనించుకుని మోసేది ఊరికే కాదు. పక్కకు తిరగాలంటే పాదాలు తిప్పండి. ఊపిరి బిగబట్టకండి, బీపీ ఉన్నవాళ్లు మరీనూ.

నొప్పి పదికి మూడు వరకు వచ్చినా మర్నాటికి మామూలైతే ఫర్వాలేదు. తగ్గకపోతే మంచం ఎక్కక్కర్లేదు, పాత బరువుకు వెళ్లండి. కాలు బలం తగ్గినా, మలమూత్రాలు అదుపు తప్పినా, కూర్చుంటే ఆనే భాగం తిమ్మిరెక్కినా ఇవన్నీ ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎముకలు గుల్లబారినవాళ్లు ఫిజియోథెరపిస్టు ఎదుటే మొదలుపెట్టాలి.

విజయవాడలో పొద్దున్నే కుళాయి నీళ్లొచ్చే ఇళ్లలో ఒక చిక్కుంది. రాత్రంతా డిస్కులు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు) నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, లేవగానే వంగితే ఒత్తిడి ఎక్కువ. ఆ మొదటి గంట నిండు బిందె బదులు సగం బిందెలు రెండు.

20 లీటర్ల వాటర్ టిన్ను అన్నిటికంటే చివర. నేల మీంచి స్టూలు మీదకు, పట్టు మార్చుకుని స్టూలు మీంచి స్టాండు మీదకు.